రాకెట్ మీద నుంచి చూపు తిప్పని రాజ్యం

శ్రీహరికోటలో రాత్రిపూట రాకెట్ లేస్తే సూళ్లూరుపేటలో వీధులన్నీ పట్టపగల్లా వెలుగుతాయి, కిటికీ తలుపులు అదురుతాయి. నెల్లూరులోనూ చెన్నైలోనూ డాబాలెక్కినవాళ్లకు చెట్లపైన లేచే ఎర్రటి నిప్పుగీత కనిపిస్తుంది. అదే రాకెట్‌ను అండమాన్‌లోని జంగ్లీఘాట్ నుంచి చూడాలంటే సంగతి వేరు. బంగాళాఖాతానికి ఆ పక్క శ్రీహరికోట, ఈ పక్క పోర్ట్‌బ్లెయిర్. మధ్యలో 1,350 కిలోమీటర్లకు పైగా సముద్రం. భూమి వంపు అడ్డం వస్తుంది కాబట్టి రాకెట్ నేల విడిచిన క్షణం ఇక్కడి కంటికి అందదు. శ్రీహరికోటకు నిట్టనిలువుగా 150 కిలోమీటర్ల ఎత్తున ఉన్న వస్తువు కూడా ఇక్కడివాళ్లకు దిగంతం అంచునే ఉంటుంది. ఫోన్‌లో కౌంట్‌డౌన్ వింటారు, చప్పట్లు వింటారు, తలెత్తి చూస్తే ఏమీ ఉండదు. కొన్ని నిమిషాలు ఆగాలి. మబ్బు లేకపోతే, ఆ సమయానికి రాకెట్ దశ ఏదైనా మండుతూ ఉంటే, పడమటి దిక్కున ఒక చుక్క లేచి దక్షిణంగా సాగిపోతుంది. మోత ఉండదు, పొగ ఉండదు. చూస్తూ ఉండగానే ఆరిపోతుంది.

నావిక్ వ్యవస్థకు చెందిన ఉపగ్రహాలను మోసుకుపోయిన రాకెట్లు ఈ దారినే వెళ్లాయి. 2013 జులై 1 రాత్రి 11.41కి ఒకటి, 2014 అక్టోబర్ 16 తెల్లవారితే అనగా 1.32కి మరొకటి, 2018 ఏప్రిల్ 12 వేకువన 4.04కి ఇంకొకటి. శ్రీహరికోట నుంచి ఆగ్నేయంగా తిరిగి, అండమాన్‌కు దక్షిణంగా ఉన్న ఆకాశం మీదుగా సాగే దారి అది.

ఆ చుక్కను జంగ్లీఘాట్ నుంచి చూసేవాళ్లలో తెలుగువాళ్లు ఎక్కువ. పోర్ట్‌బ్లెయిర్‌లో చేపల పడవలు ఒడ్డుకు చేరే చోటు ఇది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి వచ్చినవాళ్లు తరాలుగా ఇక్కడ వల విసిరి, బరువులు మోసి, చేపలమ్మి బతుకుతున్నారు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభా 3,80,581. వాళ్లలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు దాదాపు 13 శాతం. 2024 సెప్టెంబరులో కేంద్రం పోర్ట్‌బ్లెయిర్ పేరును శ్రీవిజయపురంగా మార్చింది. ఊరి పేరు మారింది కానీ జంగ్లీఘాట్ తెలుగువాడికి రాజ్యంతో ఉన్న లెక్క మారలేదు. ఆ లెక్క ఏమిటో చెప్పడానికి మళ్లీ ఆ చుక్క దగ్గరికే వెళ్లాలి.

శ్రీహరికోట యాంటెనాలకూ మన కంటికీ ఉన్న ఇబ్బంది ఒకటే. రాకెట్ దిగంతం దాటగానే వాటికీ అది కనిపించదు. అందుకే ఇస్రో పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక ట్రాకింగ్ కేంద్రం పెట్టుకుంది. శ్రీహరికోట చూపు ఆగేలోపే పోర్ట్‌బ్లెయిర్ అందుకుంటుంది. అక్కడి నుంచి బ్రూనై, ఆ తర్వాత ఇండోనేషియాలోని బియాక్. ఒక చేతిలో నుంచి ఇంకో చేతికి బిడ్డను అందించినట్టు అందిస్తారు. ఎక్కడా జారిపోకూడదు. 2013లో మంగళయాన్ విషయంలో ఈ జాగ్రత్త ఎంతదాకా పోయిందో గుర్తు చేసుకోవాలి. రాకెట్ చివరి దశ దక్షిణ పసిఫిక్ మీద మండాలి, అక్కడ మనకు భూకేంద్రం లేదు. అందుకని నలంద, యమున అనే రెండు నౌకలను యాంటెనాలతో పంపారు. వాతావరణం బాగాలేక నలంద ఫిజీ దగ్గరికి సమయానికి చేరలేదు. అక్టోబర్ 28న జరగాల్సిన ప్రయోగాన్ని నవంబర్ 5కు వాయిదా వేశారు. కొన్ని నిమిషాలపాటు రాకెట్ చూపు తప్పుతుందేమోనని ఒక దేశం వారం రోజులు ఆగింది.

ఇది తప్పు అనడం లేదు. శాస్త్రం అంటే అలాగే ఉండాలి. మా ప్రశ్న వేరు. ఒక లోహపు గొట్టాన్ని దిగంతం దాటినా వదలకుండా వెంటాడి చూడగలిగిన రాజ్యం, అదే దారిలో రెండు చోట్ల మనుషుల మీద నుంచి చూపు తిప్పేసుకుంది. రాకెట్ లేచే చోట యానాదుల మీద నుంచి, రాకెట్‌ను అందుకునే చోట అండమాన్ దళితుల మీద నుంచి. కంటికి కనబడకపోవడం ఇక్కడ భూమి వంపు వల్ల జరగలేదు. చట్టాల వల్ల, జీవోల వల్ల, జాబితాల వల్ల జరిగింది.

మొదటి చోటు శ్రీహరికోట. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న ఈ దీవి యానాదుల ఇల్లు. అడవిలో దుంపలు తవ్వి, తేనె తీసి, వంటచెరకు సేకరించి, సరస్సులో చేపలు పట్టి బతికినవాళ్లు. పాముకాటుకు, గాయాలకు ఏ ఆకు పనికొస్తుందో ఎరిగిన వైద్యులు. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథంలోనూ, 1962లో వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల మీద రాసిన పుస్తకంలోనూ వాళ్ల జీవితం నమోదై ఉంది. బ్రిటిష్ పాలనలో యానాదుల్లో కొందరిని నేరస్థ జాతుల చట్టం కిందికి తెచ్చి, పుట్టుకతోనే దొంగలని ముద్ర వేశారు. 1952లో ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం పోలీసు స్టేషన్లలో చాలాకాలం బతికింది.

1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదటి రోహిణి సౌండింగ్ రాకెట్ లేచింది. కేంద్రం చేతిలో ఉన్న విస్తీర్ణం 43 వేల ఎకరాలకు పైనే. తూర్పున సముద్రం, భూమధ్యరేఖకు దగ్గరితనం, చుట్టూ జనం తక్కువ అని ఎంపికకు కారణాలు చెబుతారు. ఈ 'జనం తక్కువ' అన్న మాటను మన విద్యార్థులు జాగ్రత్తగా చదవాలి. పట్టా లేనివాడు, పన్ను కట్టనివాడు, అర్జీ రాయలేనివాడు ఎంతమంది ఉన్నా తక్కువే. కాగితం మీద భూమి ఉన్నవాడికి నష్టపరిహారం అన్న మాట వర్తిస్తుంది. అడవే ఆస్తిగా బతికినవాడికి ఆ అడవి ఏ కాగితం మీదా లేదు. యానాది కుటుంబాలను దీవి బయట కాలనీలకు తరలించారు. దీవిలో మిగిలిన కొందరు కూలిపనిలో కలిశారు. తేనె తీసిన చేయి గడ్డి కోసే చేయి అయింది.

ఇప్పుడు యానాదులు తెలుగు నేలలోని పెద్ద గిరిజన సముదాయాల్లో ఒకరు, 2011 లెక్కల్లోనే అయిదు లక్షలకు పైగా ఉన్నారు. నెల్లూరు, తిరుపతి, ప్రకాశం జిల్లాల్లో రొయ్యల చెరువుల కాపలాలో, ఇటుక బట్టీల్లో, ఎలుకలు పట్టే పనిలో కనిపిస్తారు. కలెక్టరు కార్యాలయంలో, విశ్వవిద్యాలయంలో, ఇస్రో కంట్రోల్ రూమ్‌లో వెతకండి. వాళ్ల దీవి మీద మూడో లాంచ్ ప్యాడ్ కట్టడానికి 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం దాదాపు 3,985 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మొదటి ప్యాడ్ కోసం లేచిపోయినవాళ్ల లెక్క ఆ ఫైలులో ఎక్కడా లేదు.

ఈ లెక్క అడగడానికి చట్టం లేక కాదు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఎం) చదవండి. 2005 డిసెంబర్ 13కు ముందు చట్టబద్ధమైన పునరావాసం అందకుండా అడవి నుంచి తొలగించబడిన గిరిజనులకు ప్రత్యామ్నాయ భూమితో సహా పునరావాస హక్కు ఉందని అది చెబుతోంది. అభివృద్ధి పేరుతో భూపరిహారం లేకుండా కదిలించిన చోట, సేకరించిన భూమిని అయిదేళ్లలో ఆ పనికి వాడకపోతే దానిమీద హక్కును సెక్షన్ 4(8) గుర్తిస్తోంది. శ్రీహరికోటలో ఇప్పటికీ అధికభాగం అడవే. రాకెట్ ప్యాడ్ చుట్టూ భద్రతా దూరం అవసరం, దాన్ని కాదనలేం. కానీ ఆ దూరాన్ని చూపించి హక్కుల విచారణే అక్కర్లేదనడం చెల్లదు. దీవిలోకి తిరిగి పోవడం కుదరకపోతే, దానికి సమానమైన భూమి దీవి బయట ఇవ్వాలి. చట్టం అడిగేది అంతే.

ఇక రెండో చోటు జంగ్లీఘాట్. రాకెట్‌కు ఎదురు చూసే ఈ ఒడ్డున రాజ్యం ఇంకో రకంగా కళ్లు మూసుకుంది. విశాఖలో ఓడ ఎక్కిన మాల యువకుడు, మాదిగ యువకుడు, రెల్లి యువకుడు ఎక్కేటప్పుడు షెడ్యూల్డు కులం. పోర్ట్‌బ్లెయిర్‌లో దిగేసరికి కాదు. ఎందుకంటే అండమాన్ నికోబార్ దీవులకు షెడ్యూల్డు కులాల జాబితాయే లేదు. రాజ్యాంగం 341వ అధికరణ ప్రకారం ఏ రాష్ట్రానికి, ఏ కేంద్రపాలిత ప్రాంతానికి ఆ జాబితా వేరుగా ఉంటుంది. కేంద్రపాలిత ప్రాంతాల కోసం 1951లో ఇచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో ఈ దీవులు చేరలేదు. ఆరు ఆదిమ సముదాయాలను గుర్తించే షెడ్యూల్డు తెగల ఉత్తర్వు 1959లో వచ్చింది. షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ఇప్పటికీ రాలేదు. 2011 జనగణన పట్టికలో అండమాన్ ఎదురుగా షెడ్యూల్డు కులాల జనాభా సున్నా.

ఆ సున్నా అబద్ధం. లెక్కించే పద్ధతే ఆ అబద్ధాన్ని పుట్టిస్తోంది. జాబితా ఉన్నచోటే షెడ్యూల్డు కులం అని రాసుకోవాలన్నది జనగణన నియమం. జాబితా లేకపోతే మనిషి ఉన్నా లేనట్టే. దీనివల్ల స్థానిక పరిపాలన నియామకాల్లో వాటా లేదు, పంచాయతీలో, మునిసిపాలిటీలో రిజర్వు స్థానం లేదు. కేంద్రం జరిపే అఖిల భారత పరీక్షల్లో తండ్రి సొంత రాష్ట్రం పత్రంతో పోటీ పడవచ్చు. కానీ జంగ్లీఘాట్‌లో పుట్టి, ఇక్కడే చదివిన మూడో తరం పిల్ల, తాత ఊరి తహసీల్దారు కార్యాలయంలో తన కులాన్ని వెతుక్కోవాలి. పత్రం కోసం ఓడ టికెట్టు కొనాలి.

ఈ చిక్కుముడికి న్యాయస్థానాల చరిత్రలో ఒక తెలుగు పేరే మూలం. 1990లో మర్రి చంద్రశేఖర్‌రావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తింపు ఉన్న సముదాయపు విద్యార్థి, తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి చేరి, అక్కడ వైద్య విద్య సీటు అడిగాడు. ఒక రాష్ట్రంలో వెనుకబాటు ఇంకో రాష్ట్రంలో అలాగే ఉంటుందని అనుకోలేం, కాబట్టి ఆ హోదా రాష్ట్రం దాటదు అని కోర్టు అంది. 2018 ఆగస్టు 30న బీర్ సింగ్ కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం ఇదే సూత్రాన్ని నిలబెట్టింది. అయితే ఢిల్లీ పరిపాలన ఉద్యోగాలు కేంద్ర సర్వీసుల్లో భాగం కాబట్టి అక్కడ అఖిల భారత స్థాయి రిజర్వేషన్ చెల్లుతుందని మెజారిటీ ఒప్పుకుంది.

ఈ సూత్రంలో న్యాయం లేకపోలేదు. మహారాష్ట్రలోని మహర్లకు, మాంగులకు కేటాయించిన వాటాను బయటి నుంచి వచ్చినవాళ్లు, అందులోనూ కాస్త నిలదొక్కుకున్నవాళ్లు తన్నుకుపోకూడదు. స్థానిక దళితుడి రక్షణ కోసం పుట్టిన వాదన అది. కానీ దాన్ని అండమాన్‌కు తెచ్చి చూడండి. ఇక్కడ స్థానిక షెడ్యూల్డు కులం అనే జాబితా లేదు. వలస దళితుడికి హోదా ఇస్తే ఏ స్థానిక దళితుడి వాటా తగ్గుతుంది? ఎవరిదీ కాదు. ఒకరి రక్షణ కోసం కట్టిన గోడ ఇక్కడ ఎవరినీ రక్షించకుండా, అందరినీ బయట నిలబెడుతోంది. ఢిల్లీకి పనికొచ్చిన తర్కం, నేరుగా కేంద్రమే పాలించే ఈ దీవులకు ఎందుకు పనికిరాదో ప్రభుత్వం చెప్పాలి.

దీనికి తరచుగా వినిపించే జవాబు ఒకటుంది. అండమాన్ 'మినీ ఇండియా', ఇక్కడ కులం లేదు అని. ఆ మాటలో చారిత్రకంగా కొంత నిజం ఉంది. ఖైదీల కాలనీలో శిక్ష ముగించుకున్న స్త్రీ పురుషులు కులాలు దాటి పెళ్లిళ్లు చేసుకున్నారు. 'లోకల్ బోర్న్' అని పిలిచే సమాజం అలా పుట్టింది. నేరస్థ జాతి అని ముద్రపడి ఉత్తరాది నుంచి ఇక్కడికి తరలించబడిన భాంతూలకు ఈ నేలే కొత్త బతుకునిచ్చింది. కానీ స్వాతంత్ర్యం తర్వాత వచ్చినవాళ్లు సంకెళ్లతో రాలేదు. బంధువు పిలిస్తే బంధువు, ఊరివాడు పిలిస్తే ఊరివాడు వచ్చాడు. కులం తాడు పట్టుకునే సముద్రం దాటారు. పెళ్లి సంబంధాలకు ఇప్పటికీ శ్రీకాకుళం, విశాఖ పోతున్నారంటే ఆ తాడు తెగలేదని అర్థం. కులం లేదని నిజంగా నమ్మేవాళ్లు లెక్కలకు భయపడరు. లెక్క తీయమనండి.

ఆ అవకాశం ఇప్పుడు వచ్చింది. రాబోయే జనగణనలో కులాల వివరాలు సేకరిస్తామని 2025 ఏప్రిల్ 30న కేంద్రం ప్రకటించింది. 2027 మార్చి 1 దానికి ప్రామాణిక తేదీ. జాబితా ఉన్నా లేకపోయినా ఈసారి ప్రతి మనిషి కులం పేరు నమోదు కావాలి. జంగ్లీఘాట్‌లోని తెలుగు దళితులు, మత్స్యకారులు 'తెలుగు సమాజం' అన్న ఒక్క మాట వెనుక దాక్కోకుండా తమ కులం పేరు చెప్పి రాయించుకోవాలి. మత్స్యకారుల గోడు కూడా దీనికి దూరమైనది కాదు. ఆంధ్రలో వెనుకబడిన తరగతిగా గుర్తింపు ఉన్న కులాలవాళ్లు ఇక్కడి ఓబీసీ గుర్తింపులో చోటు కోసం వేచి ఉన్నారు. అయితే ఒక హద్దు మరవకూడదు. ఈ దీవులు మొదట అండమానీయులవి, ఓంగీలవి, జారవాలవి, సెంటినలీయులవి, నికోబారీలవి, షోంపెన్లవి. మన హక్కు వాళ్ల వాటాలో నుంచి రాకూడదు, వాళ్ల అడవిలో నుంచి అసలే రాకూడదు. గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ పేరుతో 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లిస్తుంటే అక్కడా వినిపిస్తున్నది 'జనం తక్కువ' అన్న పాత శ్రీహరికోట పాటే. యానాదికి జరిగింది తెలిసిన తెలుగువాడు షోంపెన్ పక్కన నిలబడకపోతే ఇంకెవరు నిలబడతారు?

రాకెట్‌ను ఎవరు చూస్తున్నారన్నది ఒక ప్రశ్న అయితే, రాకెట్‌ను నడిపే గదిలో ఎవరున్నారన్నది మరో ప్రశ్న. అది మన పాఠకులకు నేరుగా సంబంధించింది. కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాల్లో రిజర్వేషన్ కల్పించిన 2006 చట్టంలోనే నాలుగో సెక్షన్ కొన్ని సంస్థలను దానికి బయట ఉంచింది. ఆ షెడ్యూలులో అంతరిక్ష శాఖకు చెందినవి ఉన్నాయి. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ, తిరువనంతపురంలోని స్పేస్ ఫిజిక్స్ లేబొరేటరీ, డెహ్రాడూన్‌లోని రిమోట్ సెన్సింగ్ సంస్థ. పరిశోధన పోస్టుల్లోనూ గ్రూప్-ఎ మొదటి మెట్టు దాటాక రిజర్వేషన్ నుంచి మినహాయింపు ఇచ్చే ఉత్తర్వులు 1970ల నుంచి ఉన్నాయి. శాస్త్రానికి ప్రతిభ కావాలంటారు. యానాది వైద్యుడి ఆకుల జ్ఞానం, జంగ్లీఘాట్ మత్స్యకారుడి నీటి జ్ఞానం ఏ గణితంలోకీ రావా? తలుపు మూసి ఉంచి, లోపలికి ఎవరూ రాలేదు కాబట్టి అర్హులు లేరని అనడం మనకు కొత్త కాదు.

మేము రాకెట్‌కు వ్యతిరేకం కాదు. బాబాసాహెబ్ యంత్రానికి వ్యతిరేకి కాడు. యంత్రాలను, ఆధునిక నాగరికతను తిట్టే గాంధేయ వాదాన్ని ఆయన 1945లోనే ఎదుర్కొన్నారు. తప్పు యంత్రంలో లేదని, దాని ఫలాన్ని కొద్దిమంది సొంతం చేసుకోనిచ్చే సమాజ నిర్మాణంలో ఉందని వాదించారు. పొద్దస్తమానం ఒళ్లు విరుచుకునే మనిషికి తీరిక ఇచ్చేది, తీరికతో పాటు సంస్కృతిని ఇచ్చేది యంత్రమేనన్నారు. రాకెట్ విషయంలోనూ అంతే. 2004 డిసెంబర్ 26 సునామీ ఈ దీవులను ముంచినప్పుడు హెచ్చరించేవాడు లేడు. 2007 అక్టోబర్ నుంచి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. చేపలు ఎక్కడ దొరుకుతాయో ఉపగ్రహ సమాచారం ఆధారంగా మత్స్యకారులకు చెప్పేదీ ఆ సంస్థే. తుపాను వస్తోందని ముందే తెలిస్తే మొదట బతికేది తీరాన గుడిసెలో ఉన్నవాడే. ఉపగ్రహం పేదవాడికి అక్కర్లేదని మేము ఎన్నడూ అనం. దాని ఖర్చు ఎవరు భరించారో, ఫలం ఎవరికి ఎంత అందుతోందో లెక్క చెప్పమంటున్నాం.

అందుకే మా డిమాండ్లు స్పష్టం. శ్రీహరికోట నుంచి కదిలించిన యానాది కుటుంబాల జాబితాను, వాళ్లకు ఇచ్చినదాన్ని, ఇవ్వనిదాన్ని ప్రభుత్వం బయటపెట్టాలి. మూడో ప్యాడ్ పని సాగుతుండగానే అటవీ హక్కుల చట్టం కింద విచారణ జరపాలి. అండమాన్ నికోబార్‌లో స్థిరపడిన దళితుల కోసం 341వ అధికరణ కింద జాబితా తేవాలి, లేదా ఢిల్లీ తరహాలో అఖిల భారత రిజర్వేషన్‌ను ఇక్కడి ఉద్యోగాలకు వర్తింపజేయాలి. అంతరిక్ష పరిశోధన సంస్థలను మినహాయింపు షెడ్యూలు నుంచి తొలగించాలి. పరిశోధక విద్యార్థులకు ఒక పని అప్పగిస్తున్నాం. శ్రీహరికోట విస్థాపన మీద, అండమాన్ తెలుగు దళితుల మీద మన విశ్వవిద్యాలయాల్లో జరిగిన పని చాలా తక్కువ. ఆ పని మనం చేయకపోతే సున్నా అన్న అంకె పట్టికలో అలాగే మిగిలిపోతుంది.

మళ్లీ ఒక రాత్రి జంగ్లీఘాట్ మీదుగా ఆ చుక్క పోతుంది. పిల్లలు వేలెత్తి చూపిస్తారు, చూపించాలి కూడా. ఆ సమయానికి ఊరి అవతల యాంటెనా దాన్ని అప్పటికే పట్టుకుని ఉంటుంది. దాని వేగం, ఎత్తు, దిక్కు క్షణక్షణం నమోదవుతూ ఉంటాయి. వేలెత్తిన పిల్ల మాత్రం ఈ దీవుల లెక్కలో ఏ జాబితాలోనూ లేదు. ఆ పిల్లను కూడా నమోదు చేసే రోజు కోసం పోరాడాలి.

జై భీమ్.